ఏడులో పుట్టినరోజు

చిక్కడపల్లి త్యాగరాయ గానసభకి నాలుగు సందుల అవతల ఒక పాత అపార్టుమెంటు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మెట్లెక్కుతుండగానే మృదంగం వినిపిస్తుంది. ఇంకా వాయించడం లేదు, శ్రుతి చేస్తున్నారు. మూత అంచు మీద కొయ్యముక్క ఆన్చి రాయితో కొట్టడం, వేలితో మీటి వినడం, మళ్ళీ కొట్టడం. గుమ్మం ముందు చెప్పుల గుంపులో మీవి కూడా వదిలి లోపలికి వెళ్ళి గోడవారన చాప మీద కూర్చుంటారు. ఎవరూ తలెత్తి చూడరు. రిహార్సల్ ఇళ్ళలో అదే మర్యాద.

భాద్రపద మాసం. సాయంత్రం చినుకులు పడి వెలిశాయి. కిటికీ కింద వినాయక మంటపం మైకు ఒకసారి గట్టిగా, ఒకసారి గాలికి కొట్టుకుపోయినట్టు వినిపిస్తోంది. గదిలో నలుగురు. మృదంగం మాస్టారు తొప్పి వైపు రవ్వముద్ద తడిమి సర్దుకుంటున్నారు. పాట చెప్పే టీచర్‌గారు శ్రుతిపెట్టె పక్కన. కాలేజీ చదువుతూ వయొలిన్ వాయించే అమ్మాయి. పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించే కుర్రాడు. వచ్చే వారం ఒక చిన్న సభలో అరగంట కార్యక్రమం ఉంది. అందరికీ తెలిసిన వరసల్నే తీసుకుని తాళం మార్చి వినిపించాలి. ఆలోచన కుర్రాడిది. మాస్టారు ఒప్పుకున్నారు గానీ ముఖంలో ఇంకా ఒప్పుకోలేదు.

"ఫస్టు అందరికీ తెలిసింది తీసుకుందాం సార్," అని కుర్రాడు పుట్టినరోజు పాట కుడిచేత్తో వాయిస్తాడు.

కేకు కోసే ప్రతి ఇంట్లో, శ్రుతి ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కలిసి పాడేదే. అమెరికాలో కెంటకీ రాష్ట్రపు లూయివిల్ ఊళ్ళో ప్యాటీ హిల్, మిల్డ్రెడ్ హిల్ అనే అక్కచెల్లెళ్ళు బడిపిల్లల కోసం కట్టిన వరస. 1893లో అచ్చయిన వాళ్ళ పాటల పుస్తకంలో మాటలు వేరు, పొద్దున్నే క్లాసులో పలకరించుకునే పాట అది. పుట్టినరోజు మాటలు తర్వాత వచ్చి చేరాయి.

మాస్టారు తొడ మీద మెల్లగా దెబ్బ వేస్తున్నారు. ఒకటి, రెండు, మూడు. ఒకటి, రెండు, మూడు. మీరూ వేసి చూడండి. మొదటి రెండు పంచమాలూ దెబ్బకి ముందే, ఒకే అక్షరంలో ఇరుక్కుని వచ్చేస్తాయి. దెబ్బ ధైవతం మీద పడుతుంది. ఆ తర్వాతి దెబ్బ నిషాదం మీద. ఈ రెండింటి నడుమ పై షడ్జం ఉంది చూశారూ, పాదం మొత్తంలో అదే ఎత్తైన స్వరం, అయినా దెబ్బ లేనిచోట, మూడో లెక్కలో జారిపోతుంది. ఇన్నేళ్ళుగా పాడుతున్నా ఆ షడ్జం ఉన్న సంగతే మనం పట్టించుకోలేదు.

"ఇప్పుడు ఫోర్-ఫోర్," అంటాడు కుర్రాడు. ఆ షడ్జాన్నే ఒక అక్షరం అదనంగా లాగుతాడు. మూడు కాస్తా నాలుగైంది. షడ్జానికి నాలుగింటిలో మూడో దెబ్బ దొరికింది, ఛాతీ విరుచుకుని నిలబడింది. ఆగస్టు పదిహేనున స్కూలు మైదానంలో కవాతు చేస్తున్న పిల్లల్లాగా తయారైంది పాట. కానీ దాని తర్వాత నిషాదం మీద మూడు అక్షరాలు ఊరికే నిలబడాల్సి వస్తోంది. అక్కడ పాట పలచనైపోయింది. ఎడమచేత్తో ఏవో తీగలు నింపి కప్పెట్టడానికి చూస్తాడు కుర్రాడు. టీచర్‌గారు తల అడ్డంగా ఊపుతారు.

ఐదులో పెట్టి చూశారు. అది కుంటింది. వయొలిన్ అమ్మాయి నవ్వాపుకోలేక కమాను దించేసింది.

అప్పుడే, నవ్వు ఆగీ ఆగకముందే, ఆ అమ్మాయి అదే వరసని తనలో తాను మీటుకుంటూ, "మాస్టారూ, ఒక్కసారి మిశ్రచాపు వెయ్యండి," అంటుంది. ఆయన వేస్తారు. తకిట తకధిమి. తకిట తకధిమి. మూడు, రెండు, రెండు.

కమాను ధైవతం మీద పడుతుంది. ధైవతం, పంచమం, షడ్జం కలిసి మూడు అక్షరాలు. నిషాదం రెండు అక్షరాలు ఆగుతుంది. తర్వాతి పాదాన్ని ఎత్తుకునే పంచమాలు రెండూ చెరో అక్షరం. ఏడు! ఎక్కడా లాగలేదు, ఎక్కడా నొక్కలేదు. ఒకే అక్షరంలో భుజం భుజం రాసుకుంటున్న ఆ రెండు పంచమాలకీ ఊపిరి పీల్చుకునే చోటు దొరికింది, అంతే. మూడో పాదంలో పిల్లవాడి పేరు పలికేచోట రెండు స్వరాలున్నాయి, అవి కూడా సరిగ్గా రెండు అక్షరాల్లో కూర్చున్నాయి. నాలుగో పాదమూ అంతే. గదిలో మూడేసి దెబ్బల ఊపు పోయి, ఏదో నడక వచ్చింది. మాస్టారి వేళ్ళు తొడ మీంచి మృదంగం మీదికి ఎప్పుడు వెళ్ళాయో మీరు చూడలేదు.

"ఇది గురజాడ నడక కదర్రా!" అంటారు టీచర్‌గారు.

నిజమే. 1910లో గురజాడ అప్పారావు ముత్యాల సరాలకి పెట్టింది మూడూ నాలుగూ కలిసిన ఏడు మాత్రల నడకే. మిశ్రగతి. అంతకు ముందూ కొత్తదేం కాదు. మన లక్షణ గ్రంథాల్లో రగడలకి జంతువుల నడకల పేర్లున్నాయి. హయప్రచారం మూడు మాత్రలది, ద్విరదగతి ఐదు మాత్రలది, వృషభగతి మూడు, నాలుగు కలిపి నడుస్తుంది. గుర్రం, ఏనుగు, ఎద్దు. ఛందస్సు పుస్తకంలో ఆ పేర్లు కంఠస్థం చేసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళు బోలెడుమంది. ఏ జంతువు ఎలా నడిచిందో చేత్తో వేసి చూపించిన అయ్యవార్లు తక్కువ. అదలా ఉంచండి. కెంటకీ వరస మన ఎద్దునడకలో ఇంత నిక్కచ్చిగా ఇమిడిందంటే దాని అంచనా తేలికే. ఆ పాటకి పాదానికి ఆరు అక్షరాలు, ఒక్కటి కలిపితే ఏడు. ఆ ఒక్కటి ఎక్కడ కలపాలో చెవికి తెలియడమే అసలు పని. నాలుగు లెక్కలో కుర్రాడు మూడేసి అక్షరాలకీ ఒకటి చొప్పున కలిపాడు. అది ఎక్కువైంది.

"మీరు పెద్ద ప్రయోగం అనుకుంటున్నారు గానీ," అంటారు మాస్టారు, ఇప్పుడు ముఖంలో కూడా ఒప్పుకుని, "ఇది ఏడేళ్ళ పిల్లలు పొద్దున్నే చేసే పనేనమ్మా. అలంకారాలు పాడు."

టీచర్‌గారు మాయామాళవగౌళలో మొదలుపెడతారు. సంగీతం నేర్చుకోబోయి మానేసిన వాళ్ళకి కూడా ఇవి గుర్తుంటాయి, ఇక్కడ దాటాకే చాలామంది మానేస్తారు గనక. ఏకతాళం: సరిగమ. నాలుగే. మధ్యమం తోక. రూపకం: సరి సరిగమ. త్రిపుట: సరిగ సరి గమ. ఇక్కడా మధ్యమం చివర్న, దెబ్బ లేని విసురులో పోతుంది. జంపె దగ్గరికి వచ్చేసరికి ఏడు అక్షరాలు కిందే తచ్చాడి, ఒక దెబ్బకి గాంధారం, ఇంకో దెబ్బకి పొడుగాటి మధ్యమం. అట తాళంలో ఐదు, ఐదు గడిచాక రెండు దెబ్బలుంటాయి, ఆ రెంటి మీదా మధ్యమమే. ఉన్నవి అవే నాలుగు స్వరాలు. ఏకంలో తోకగా వేలాడిన మధ్యమం అటలో గడప దగ్గర అడ్డంగా కూర్చుంది.

చిన్నప్పుడు ఈ పాఠం వేళ్ళు తిరగడానికనీ, లెక్క తప్పకుండా ఉండడానికనీ అనుకుంటాం. ఈ గదిలో కూర్చుని వింటే దాని గుట్టు తెలుస్తుంది. ఏ స్వరం పెద్దది, ఏది చిన్నది అన్నది స్వరాల్లో లేదు. చెయ్యి ఎక్కడ పడితే అది పెద్దది. రాగం స్వరాలకి బంధుత్వాలు చెబుతుంది, పీట ఎవరికి వెయ్యాలో తాళం చెబుతుంది. తాళం మారిస్తే పాత పాటలో ఇన్నాళ్ళూ మూల నిలబడ్డవాడు ముందుకొస్తాడు. బాగుంటుందా అంటే, వాడికి చెప్పడానికేమైనా ఉంటే బాగుంటుంది. లేకపోతే ఐదులో పుట్టినరోజు పాటే.

కుర్రాడు ఊరుకోడు. "సార్, ఇది చూడుండ్రి," అని మిషన్ ఇంపాసిబుల్ వరస అందుకుంటాడు. అమెరికా టీవీ సీరియల్‌కి 1966లో లాలో షిఫ్రిన్ కట్టింది, ఐదు లెక్కది. మాస్టారికి ఆ సీరియలూ తెలియదు, సినిమాలూ తెలియవు. ఒక్క విడత విని, "తకిట తకిట తక తక," అంటారు. మూడు, మూడు, రెండు, రెండు. పది అరలు, ఐదు లెక్కలు. కుర్రాడు తెల్లబోతాడు. 1996లో సినిమా తీసినప్పుడు యూటూ బృందంలోని ఆడమ్ క్లేటన్, లారీ ములెన్ దీన్ని నాలుగులోకి మార్చి వాయించారు, డాన్సు ఫ్లోరు మీద ఆడాలంటే నాలుగే సుఖం. వీళ్ళు తమ పద్ధతిలో చివరి తక ఒకటి తీసేసి చూస్తారు: తకిట తకిట తక. ఎనిమిది అరలు, నాలుగు లెక్కలు. కాలు కదులుతుంది, ఒప్పుకోవాలి. కానీ ఐదులో ఉన్నప్పుడు ఎవరో వెంట పడుతున్నట్టు ఒక ఆదుర్దా ఉండేది చూడండి, అది ఆ చివరి తకలోనే ఉన్నట్టుంది. దాంతోపాటే పోయింది.

"అయితే నాలుగు చేస్తే చెడిపోతుందనేనా?" అని అమ్మాయి అడుగుతుంది.

దానికి జవాబుగా కుర్రాడు ఫోను తీస్తాడు. నలుగురూ చిన్న తెర చుట్టూ మూగుతారు, మీకూ కాస్త జాగా ఇస్తారు. 1991 జనవరి 27, ఫ్లోరిడాలోని టాంపా స్టేడియం, సూపర్ బౌల్ ఆట. గల్ఫ్ యుద్ధం మొదలై పట్టుమని రెండు వారాలు కాలేదు. తలకి బ్యాండు కట్టుకుని, ఆటగాళ్ళు వేసుకునే తెల్లటి ట్రాక్ సూట్‌లో విట్నీ హ్యూస్టన్ వాళ్ళ జాతీయ గీతం పాడుతోంది. ఆ వరస మూడు లెక్కది. మొదట లండన్‌లో ఒక సంగీత ప్రియుల క్లబ్బు కోసం జాన్ స్టాఫర్డ్ స్మిత్ కట్టిన వినోదపు పాట, 1931లో అమెరికాకి అధికార గీతమైంది. మూడులో అది కొంచెం ఊగుతూ, గ్లాసులు ఢీకొడుతున్నట్టే సాగుతుంది, పుట్టుక గుణం ఎక్కడికి పోతుంది! ఆమె కోసం జాన్ క్లేటన్ దాన్ని నాలుగులో సమకూర్చాడు. అంతకు ముందు 1983లో మార్విన్ గే ఒక బాస్కెట్‌బాల్ ఆటకి ముందు డ్రమ్ మెషీన్ మీద ఇదే గీతాన్ని తీరుబడిగా పాడాడు, ఆమెకి అది ఇష్టం.

వినండి. ప్రతి మూడు లెక్కలకీ ఒక లెక్క కలిసింది. ఆ కలిసిన చోటే ఆమె ఊపిరి తీసుకుంటోంది, స్వరాన్ని విప్పుతోంది, చర్చిలో పాడుతూ పెరిగిన గొంతు గమకాలన్నీ అక్కడే దిగుతున్నాయి. పాట పరుగు మానేసి నిలబడింది. పుట్టినరోజు పాటలో ఖాళీగా మిగిలిన లెక్క ఇక్కడ నిండుగా ఉంది. తేడా లెక్కలో లేదు, నింపడానికి గొంతులో సరుకుండాలి.

"మార్చారు సరే," అంటారు మాస్టారు ఫోను తిరిగిచ్చేస్తూ, "ఇది తాళం మార్చడం. ఆవర్తం పొడుగు మార్చడం. మేము నడక మారుస్తాం. చెయ్యి కదలదు. లోపలే మారుతుంది. నువ్వు వెయ్యి బాబూ."

ఆ బాబు మీరే. ఇంతసేపూ ప్రేక్షకుడిగా కూర్చున్నందుకు కూలి ఇది. ఆదితాళం: దెబ్బ, మూడు వేళ్ళు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఎనిమిది. "పాట ఏమన్నా కానీ, నీ చెయ్యి మాత్రం జారనివ్వకు," అంటారు టీచర్‌గారు.

వాళ్ళు మోహన వర్ణం ఎత్తుకుంటారు, రామనాథపురం శ్రీనివాస అయ్యంగారిది. రెండేళ్ళు సంగీతం నేర్చుకున్న ప్రతివాళ్ళ నోటా ఉండేదే. మొదట మామూలుగా, దెబ్బకి నాలుగేసి స్వరాల నడక. మీ చెయ్యి హాయిగా పడుతోంది. స్వరాల గుత్తులు నాలుగేసిగా వచ్చి మీ దెబ్బ దగ్గర విప్పుకుంటున్నాయి. మీరు చాలా గొప్పగా తాళం వేస్తున్నట్టు మీకే అనిపిస్తుంది.

"తిశ్రం," అంటారు మాస్టారు.

దెబ్బకి మూడు. మీ చెయ్యి వేగం మారలేదు. వర్ణంలో ఒక్క స్వరం మారలేదు. కానీ నాలుగేసి స్వరాల గుత్తిలో మూడు రాగానే మీ దెబ్బ పడిపోతోంది, నాలుగోది అవతలి దెబ్బకి మొదటిదైపోతోంది. ఇందాక దెబ్బ కింద ఉన్న గాంధారం ఇప్పుడు మీ రెండు వేళ్ళ సందులో ఎక్కడో ఉంది. దానికోసం మీ చెయ్యి ముందుకు తొందరపడుతుంది. వెంటనే మాస్టారి కనుబొమ్మ లేస్తుంది. పాట వినకండి. లేదు, వినండి, కానీ నమ్మకండి. చిటికెనవేలు, ఉంగరపువేలు, మధ్యవేలు అని మీలో మీరు గొణుక్కుంటూ వెయ్యండి. వయొలిన్ మీ ఎడమ చెవి దగ్గర ఒక దారిలో పోతోంది, మీ కుడిచెయ్యి ఇంకో దారిలో పోతోంది, మీ మెడ ఎవరితో వెళ్ళాలో తెలియక మధ్యలో ఊగుతోంది.

లెక్క మాత్రం పిట్టగూడంత పదిలంగా ఉంది. మామూలు నడకలో ఎనిమిది దెబ్బలకి ముప్ఫై రెండు మాత్రలు. తిశ్రంలో అవే ఎనిమిది దెబ్బలకి ఇరవై నాలుగు. కనక పాట మూడు ఆవర్తాలు పూర్తయ్యేసరికి చేతిలో నాలుగు ఆవర్తాలు. రెండు వైపులా తొంభై ఆరు. అక్కడికి పాట మొదలూ తాళం మొదలూ మళ్ళీ ఒకే దెబ్బ మీద కలవాలి. మూడో ఆవర్తం నడుస్తున్నప్పుడు మీకు అది నమ్మబుద్ధి కాదు. నాలుగోదాని చివరి విసురు దగ్గర మాస్టారు మృదంగాన్ని ఒక్కసారి గట్టిగా తట్టి, తల ఎగరేసి, "ఇదిగో!" అంటారు.

సమం. వర్ణం, వయొలిన్, మీ అరచెయ్యి మూడూ ఒకచోట పడ్డాయి. గదిలో అందరి నోటా ఒకేసారి "ఆఁ" అని వస్తుంది. మీ నోటా వచ్చింది.

కచేరీల్లో పల్లవి పాడేటప్పుడు చేసేది ఇదే. తాళం అలాగే ఉంచి పల్లవిని ఒక కాలం, రెండు కాలాలు, తిశ్రం అని తిప్పడం అనులోమం. పల్లవిని కదలకుండా ఉంచి తాళాన్నే తిప్పడం ప్రతిలోమం. ఏడు తాళాలు, ఐదు జాతులు కలిస్తే ముప్ఫై ఐదు, వాటిని ఐదు గతులతో హెచ్చిస్తే నూట డెబ్బై ఐదు అని పుస్తకాల్లో పట్టికలుంటాయి. పట్టిక చూసి భయపడనక్కర్లేదు, అందులో చాలా తాళాల మొహం ఎవరూ చూడరు. విద్వాంసులైనా ఓ పదింటితో సంసారం లాగిస్తారు.

కాఫీలు వస్తాయి. స్టీలు గ్లాసు చేతిలో పెట్టుకుని టీచర్‌గారు ఇంకో సంగతి బయటికి తీస్తారు. తాళం మార్చకుండా, నడకా మార్చకుండా, ఎత్తుగడ మాత్రం జరిపినా పాట మారిపోతుందంటారు. త్యాగయ్య హంసనాదంలో చేసిన బంటురీతి కీర్తన దేశాది తాళంలోది. ఇప్పుడు ఆదితాళం లెక్క వేసుకుని, ఒకటిన్నర దెబ్బ పోయాక ఎత్తుకుంటారు. ఆవిడ రెండు విధాలా చూపిస్తారు. ముందు ఉన్నదున్నట్టు. దెబ్బ పడుతుంది, గొంతు రాదు. ఇంకా రాదు. వేలు కూడా మడిచాక, ఇక రాదేమో అనుకున్న చోట ఒక్కసారి అందుకుంటుంది. ఆ తర్వాత అదే పల్లవిని సరిగ్గా సమం మీద మొదలెడతారు. స్వరాలన్నీ ఉన్నాయి, అక్షరం పొల్లుపోలేదు. పాట పడుకుంది. కొలువు అడగడానికి ఎదురుగా వచ్చి నిలబడ్డ మనిషి కాస్తా అర్జీ రాసి తపాలాలో పంపినట్టైంది.

"అన్నిటినీ మార్చచ్చా టీచర్?" అని అమ్మాయి అడుగుతుంది.

ఆవిడ గ్లాసు పక్కన పెడతారు. క్షేత్రయ్య పదం ఒకటి తీస్తారు, మిశ్రచాపులో, చాలా చౌకంగా. ఇందాక ఎద్దునడకగా చకచకా వెళ్ళిన ఏడే ఇది. ఇంత నెమ్మదిగా పాడితే దాని గుణమే వేరు. మూడు పడ్డాక నాలుగు రావాలి, కాని ఆ మూడుకీ నాలుక్కీ మధ్య ప్రతిసారీ ఒక తూకం తేడా. ఒక అడుగు పొడుగు, ఒక అడుగు పొట్టి. రానివాడి కోసం గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చే మనిషి అడుగులు ఇవి. మాస్టారు దాదాపు వాయించడమే మానేశారు, ఎడమచేత్తో ఎప్పుడో ఒక గుమికి ఇస్తున్నారు.

"ఇప్పుడు ఆదిలో వినండి." ప్రతి ఏడుకీ ఒక అక్షరం చేర్చి ఆవిడే పాడతారు. చక్కగా సరిపోయింది. ఎక్కడా తప్పు లేదు. అదే దాని తప్పు. అడుగులన్నీ సమానమైపోయాయి. నాయిక స్థిమితపడిపోయింది. వాడొచ్చినా రాకపోయినా ఈవిడకి ఏమీ కాదు. మాటలు మాత్రం ఇంకా వాపోతున్నాయి, నడక వాటికి సాక్ష్యం చెప్పడం లేదు. అంతేనా, విరుపు రావలసిన చోటు కూడా కదిలింది. ఆదితాళంలో అరుది ఐదో దెబ్బ మీద పడుతుంది, ఇక్కడ ఆ దెబ్బ కింద సగం మాట నలిగింది.

కుర్రాడు కూడా ఏమీ అనడు. కార్యక్రమం కాగితం తీసి ఒక గీత కొట్టేస్తాడు.

ఇంతలో కింద సందులో గోల. మూడోరోజు నిమజ్జనానికి ఒక చిన్న వినాయకుణ్ణి తీసుకెళుతున్నారు. బ్యాండు అప్పుడే ఎత్తుకుంది. మీరంతా బాల్కనీలోకి వస్తారు. ట్రాలీ ఆటోలో విగ్రహం, దానికి సీరియల్ బల్బులు, ముందు డప్పులు, ఒక క్లారినెట్టు, రెండు బాకాలు, వాటి ముందు పాతికమంది కుర్రాళ్ళు గులాల్ పూసుకుని. వాయించేది తీన్‌మార్. హైదరాబాదులో ఈ దెబ్బ తెలియని కాలు లేదు. నిజాం సైన్యంలో పనిచేసిన ఆఫ్రికా సిద్దీలు, యెమెన్ అరబ్బులు తమవెంట తెచ్చిన మర్ఫా వాయిద్యంలోంచే ఇది వచ్చిందని పాతబస్తీలో చెప్పుకుంటారు. బార్కస్ పెళ్ళిళ్ళలో మర్ఫా ఇప్పటికీ మోగుతుంది. కీబోర్డువాళ్ళ భాషలో ఇది సిక్స్-ఎయిట్. మూడేసి మాత్రల ఊపు.

క్లారినెట్టు ఎత్తుకున్న వరస రెండు క్షణాలు మీకు గుర్తుపట్టరాదు. టీచర్‌గారికి పట్టుబడింది. "వాతాపి!" అంటారు, నవ్వాలో కోప్పడాలో తెలియని గొంతుతో.

అవును, హంసధ్వని. ముత్తుస్వామి దీక్షితుల కీర్తన, ఆదితాళం, చాలా కచేరీలకి తలుపు తీసేది. దాన్ని తెచ్చి తీన్‌మార్‌లో పెట్టారు. దీర్ఘంగా ఉండాల్సినవి పొట్టివైపోయాయి, సంగతులు ఎగిరిపోయాయి, మిగిలిన ఎముకలగూడు మూడేసి గెంతులు వేస్తోంది. మాస్టారు రెయిలింగు మీద వేళ్ళతో నాలుగు ఆవర్తాలు చూస్తారు. "తిశ్రమేనమ్మా ఇది. మనం లోపల చెమటలు పట్టి చేసింది వాళ్ళు నడుస్తూ చేస్తున్నారు." టీచర్‌గారు వెంటనే ఒప్పుకోరు. సంగతులు లేని వాతాపి ఏం వాతాపి అంటారు. కానీ ఆవిడ పాదం చూశారా? సరే, చూడనట్టే ఉండండి.

కుర్రాడికి చిలిపి పుడుతుంది. కింద ఆరు మోగుతుంటే పైన బాల్కనీలోంచి ఏడు చప్పట్లు మొదలుపెడతాడు, ఇందాకటి తకిట తకధిమి. వయొలిన్ అమ్మాయి కలుస్తుంది. మీరూ కలుస్తారు, ఇప్పుడు మీ చెయ్యి పాటని నమ్మకుండా ఉండడం నేర్చుకుంది గనక. ఆరూ ఏడూ ఒకదాన్నొకటి తోసుకుంటూ, దాటుకుంటూ పోతున్నాయి. కింద డాన్సు చేస్తున్న వాళ్ళలో ఒకడు తలెత్తి చూసి, ఈ చప్పట్ల తిక్కేమిటో అర్థంకాక చెయ్యి ఊపి కిందకి రమ్మంటాడు.

"ఆరేళ్ళు నలభై రెండు," అంటారు మాస్టారు. "నలభై రెండో మాత్ర అయ్యాక కలుస్తారు. ఆపకండి."

కలిశారు. మళ్ళీ విడిపోయారు. ఇంకోసారి కలిసేలోపు డప్పువాడు వేగం పెంచేశాడు, లెక్క గాలికి పోయింది. బ్యాండు మలుపు వైపు సాగింది, దాని వెనక ఒక ఆటో, స్కూటర్లు హారన్లు కొట్టుకుంటూ.

లోపలికి వచ్చి కూర్చున్నాక టీచర్‌గారు కార్యక్రమం కాగితం అడిగి తీసుకుంటారు. పుట్టినరోజు పాట మిశ్రచాపులో ఉంది. వర్ణం తిశ్రం ఉంది. పదం కొట్టేసిన చోట ఖాళీ ఉంది. ఆవిడ కలం మూత తీసి అక్కడ హంసధ్వని అని రాసి, మాస్టారి వైపు చూస్తారు.

"తిశ్రమా?"

"ముందు పల్లవి సంగతులన్నీ చతురస్రంలో పాడు. ఒక్కటీ వదలకుండా," అంటారాయన, మృదంగాన్ని మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంటూ. "తర్వాత నీ ఇష్టం."

కుర్రాడు కీబోర్డులో తీన్‌మార్ లూప్ కోసం బటన్లు నొక్కడం మొదలెట్టాడు. "అది కట్టెయ్యి ముందు," అని ఇద్దరూ ఒకేసారి అరుస్తారు.